జయలక్ష్మమ్మ ఎడమ పిక్క

జయలక్ష్మమ్మకు తన ఎడమ కాలి మీద మొదట అనుమానం పుట్టించింది చెప్పు. ద్రాక్షతోట నుంచి ఇంటికి నడుస్తూ ఉంటే వెనక వస్తున్న తోడికోడలు మునిరత్నమ్మ కేకేసింది. "యాడ చూస్తా పోతాండావే, చెప్పు ఈడ వదిలేసి?"

ఆమె కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలు ఉత్తగా ఉంది. చెప్పు ఎక్కడ జారిందో, కంకర ఎప్పటినుంచి గుచ్చుకుంటోందో ఆ కాలు ఆమెకు చెప్పలేదు. పాదం పక్కన, చిటికెన వేలి వైపు, చిన్న గాజుపెంకు దిగి రక్తం కూడా కారుతోంది. అదీ తెలియలేదు.

"నాకి చెప్పకుండానే నా కాలు నడుస్తాండాది అనిపించిందప్పా" అని ఆ తరవాత చాన్నాళ్ళకు నాతో అంది. ఆ పూట మాత్రం చెప్పు వదులైపోయింది అక్కా అని నవ్వి, పెంకు పీకి పారేసి, ముందుకు నడిచింది. చెప్పు వదులు కాలేదని ఆమెకు తెలుసు. వారం కిందట కొన్నది.

ఈమె పుట్టినూరు చాకవేలు, బాగేపల్లి తాలూకా. ఆంధ్ర సరిహద్దు కూతవేటు దూరం. అక్కడ పొలాల్లో పిలిస్తే ఇటు కర్ణాటక వాడూ పలుకుతాడు, అటు ఆంధ్ర వాడూ పలుకుతాడు, ఇద్దరూ తెలుగులోనే. పెళ్ళయి వచ్చింది చిక్కబళ్ళాపురం దగ్గర, నంది కొండ కనబడే ఊరికి. మొగుడు ఆంజనేయప్ప, ఆయనా వాళ్ళన్నా కలిసి ద్రాక్షతోట చేస్తున్న ఇల్లు. నేను ఆ ప్రాంతాల్లో చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. పెన్న పుట్టిందీ, పాలారు పుట్టిందీ ఆ కొండల చుట్టుపక్కలే. చిత్రావతి కూడా అంతే. ఇన్ని నదులు పుట్టిన చోట తాగడానికి నీళ్ళు మాత్రం పాతాళంలో ఉంటాయి. నదులన్నీ పుట్టగానే కిందికి వెళ్ళిపోతాయి, వెనక ఉండేవాళ్ళకి బోరుబావి మిగులుతుంది. ఆ బోరునీళ్ళలో ఉండే ఫ్లోరైడు ఎముకల్ని పట్టేస్తుందని పెద్దలు చెప్పే మాట. అందువల్ల అక్కడ నడుము నొప్పి అంటే ఎవరూ తల తిప్పి చూడరు. నడుము నొప్పి లేని మనిషి ఉంటే చూడాలి గానీ, ఉన్నవాణ్ణి చూడ్డానికేముంది?

చాకవేలులో ఆమె చిన్నప్పుడు చేసిందంతా వేరుశెనగ పని. వంగి చేసే పని. ఇక్కడికొచ్చాక తల పైకెత్తి చేసే పని. రాతి కూసాలు నాటి, వాటి మీద తీగలు గుంజి కట్టిన చప్పరం కింద ద్రాక్ష గుత్తులు వేలాడుతూ ఉంటాయి. గుత్తిలో కిక్కిరిసిన పిందెల్ని కత్తెరతో ఏరెయ్యాలి. కాయ ఊరడానికి మగ్గుతో మందు పైకెత్తి ఒక్కో గుత్తినీ అందులో ముంచాలి. ఆ చప్పరం వేయించింది ఆమె మామ. ఆయన ఆజానుబాహువు. తన తల ఆనకుండా ఎత్తు కట్టించాడు. కింద పని చేసేది పొట్టి కోడళ్ళని ఆయనకు తోచలేదు, కట్టేటప్పుడు మగవాళ్ళకి ఎవరికీ తోచదు.

కాబట్టి ఆ తోటల్లో ఆడవాళ్ళంతా మునివేళ్ళ మీద నిలబడతారు. ఎడమచేతి వేళ్ళు కొక్కెంలా వంచి తీగకు తగిలించి, ఒళ్ళంతా పైకి లాక్కుని, కుడిచేత్తో కత్తెర ఆడిస్తారు. అది ఎవరూ ఎవరికీ నేర్పరు. కొత్తగా వచ్చిన పిల్ల రెండో రోజుకే ఆ పట్టు పట్టేస్తుంది. ఏళ్ళ తరబడి చేశాక తాము చేతి మీద వేలాడుతున్నామా, కాలి మీద నిలబడ్డామా అన్నది వాళ్ళకే తెలియదు.

నొప్పి కొన్నేళ్ళ కిందట నడుములో మొదలైంది. తరవాత పిర్రలోకి దిగింది. అక్కణ్ణుంచి తొడ వెనగ్గా, పిక్కలోనుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు లాగేది. దగ్గితే లాగేది, తుమ్మితే లాగేది, పెళ్ళి భోజనాల్లో కింద కూచుని లేస్తే కళ్ళు తిరిగేవి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్త జారి నరాన్ని నొక్కుతోందని స్కాన్ తీసి చెప్పారు. మాత్రలు ఇచ్చారు. కాల్లో బలం తగ్గితే మాత్రం ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది అని కూడా అన్నారు. ఆ ఒక్క మాటా ఆమెకు స్కాన్ కంటే లోతుగా దిగింది.

ఎందుకంటే ఆమెకు మునిశామప్ప తెలుసు. చాకవేలులో ఆమెకు చిన్నాయన వరస. ఆయనకు ఇదే జబ్బు వచ్చి, వెన్నుకు ఆపరేషన్ అయి, ఆ తరవాత ఇంటి ముందర నులకమంచానికి అతుక్కుపోయాడు. ఈమె చూడ్డానికి వెళ్ళింది. దుప్పటి పక్కకు జరిగినప్పుడు ఆయన పిక్కలు కనబడ్డాయి. పిక్కలు కావవి, ఎముకకు చుట్టిన తోలు. చిన్నమ్మ ఆయన్ని పసిబిడ్డను మార్చినట్టు మార్చింది. వెన్ను మీద కత్తి పెడితే ఇంతే అని ఊరంతా డాక్టర్ని తిట్టింది. తిరుగు బస్సులో జయలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తాను మాత్రం కత్తి కిందికి పోనని ఒట్టు పెట్టుకుంది.

పిక్క అనే మాట దగ్గర కాసేపు ఆగాలి నేను. మన భాషలో భయం గుండెలో ఎంత ఉంటుందో కాళ్ళలోనూ అంత ఉంటుంది. భయపడ్డవాడికి కాళ్ళు చల్లబడతాయి, కాళ్ళు వణుకుతాయి, కాళ్ళాడవు. పారిపోయినవాణ్ణి పిక్కబలం చూపాడంటాం. నెత్తురును కిందినుంచి గుండెకు ఎగదోసేది పిక్కే కాబట్టి దాన్ని రెండో గుండె అంటారని వైద్య గ్రంథాల్లో చదివాను. ఆ పిక్కకు వెళ్ళే నరం వెన్ను చిట్టచివర పుడుతుంది. అక్కడ నొక్కుడు పడితే, కింద పిక్క మేత దొరకని గొడ్డులా చిక్కిపోతుంది. నొప్పి మనిషికి తెలుస్తుంది. చిక్కిపోవడం తెలియదు. అందుకే దాన్ని కొలవాలి.

కొలిచే పని చేస్తున్నది చైత్ర అనే అమ్మాయి. చింతామణి పిల్ల, టమాటా పండించే ఇల్లు. ఫిజియోథెరపీలో పెద్ద చదువు చదువుతోంది. నడుము నరం నొప్పితో ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళకి పిక్క ఎంత పని చేస్తుందో కొలవడం ఆమె పరిశోధన. చిక్కబళ్ళాపురంలో ఒక చిన్న ఆస్పత్రి వెనక గది అడిగి తీసుకుంది. నాకూ ఆ జబ్బే ఉంది, కుడికాల్లో. అందుకని ఆ గది బయట బెంచీ మీద నేనూ కూచున్నాను. జయలక్ష్మమ్మనూ మునిరత్నమ్మనూ నేను చూసింది అక్కడే.

కొలత చూడ్డానికి సులువు. పిక్క చుట్టూ టేపు పెట్టి ఎంత లావుందో చూస్తుంది. మడమ వెనక చిన్న సుత్తితో తడుతుంది. ఆ తరవాత అసలు పరీక్ష. ఒంటికాలి మీద నిలబడాలి. ఫోను టిక్కు టిక్కు మంటూ ఉంటుంది. ఆ తాళానికి మడమ పైకెత్తాలి, దించాలి. రెండు చిన్న కర్రల మధ్య కట్టిన దారం పాదం పైభాగానికి తగిలేదాకా లేస్తేనే లెక్క. పడిపోకుండా గోడకు వేలికొసలు ఆనించుకోవచ్చు, బరువు మాత్రం వెయ్యకూడదు.

నేను కాసేపటికే ఆయాసపడి ఆగిపోయాను. మునిరత్నమ్మ తలుపు సందులోంచి చూసి, "యేమప్పా, ఊళ్ళూ దేశాలూ తిరిగిన కాళ్ళు ఇంతేనా? బస్సుల్లోనే తిరిగినట్టుండావే" అంది. బెంచీ మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఆమె అన్నది సగం నిజమే కాబట్టి.

జయలక్ష్మమ్మ వంతు వచ్చింది. నిలబడే చోటు పక్కన కిటికీ ఉంది. చైత్ర వేళ్ళు ఆనించుకోమంది. ఆమె ఎడమచెయ్యి పైకి వెళ్ళి, తల మీదుగా ఉన్న కిటికీ కమ్మీకి కొక్కెంలా తగులుకుంది. ఫోను టిక్కుమంది. మడమ లేచింది, దారం కదిలింది. దిగింది, మళ్ళీ లేచింది. ఆగదే! చైత్ర దృష్టంతా కింద దారం మీద ఉంది. పైన వేళ్ళేం చేస్తున్నాయో చూడలేదు. టమాటా తోటల పిల్లకు చప్పరం కింద పట్టు ఏం తెలుసు? కాలు చాలా బాగుందమ్మా అని మెచ్చుకుంది. పిక్క కాస్త సన్నబడింది, సుత్తి దెబ్బకు పాదం ఎగరలేదు, కానీ బలం ఇంత ఉన్నప్పుడు ఫరవాలేదనుకుంది. డాక్టరూ చూసి ఇప్పుడు ఆపరేషన్ మాట లేదన్నాడు. కొన్నాళ్ళ తరవాత మళ్ళీ కొలుస్తామన్నారు.

తోడికోడళ్ళిద్దరూ ఆ పూట మిఠాయి కొనుక్కుని బస్సెక్కారు. నాకూ ఒక ముక్క పెట్టారు.

బస్సు కదిలాక ఆమెకు ఎడమ భుజం సలపడం మొదలైందట. కాలు కాదు, భుజం. అంతసేపు ఒంటికాలి మీద లేచి దిగిన మనిషికి పిక్క కదా నొప్పి పెట్టాలి? ఆమె వేళ్ళు చూసుకుంది. వేళ్ళ లోపలి మడతల్లో కమ్మీ తుప్పు ఎర్రగా అంటుకుని ఉంది. అప్పుడు అర్థమైంది. ఆమె వేళ్ళు ముడుచుకుని, చేతిని కొంగు కింద పెట్టుకుంది. మునిరత్నమ్మ చూడలేదు.

ఇంటికొచ్చాక పశువుల కొట్టంలోకి ఒంటరిగా వెళ్ళింది. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కుడిమడమ ఎత్తింది. లేచింది. ఎడమకాలి మీద నిలబడి ఆ మడమ ఎత్తబోయింది. లేవలేదు. పిక్క బిగుసుకున్నట్టు కూడా లేదు. మళ్ళీ ప్రయత్నించింది. "లెయ్" అంది దానితో, గొడ్డును అదిలించినట్టు. పక్కనున్న ఆవు తల తిప్పి చూసింది గానీ కాలు కదల్లేదు. ఆ కాలు తనదేనా అని వంగి చేత్తో పట్టుకుని చూసిందట. వెచ్చగానే ఉంది. అది మరీ భయం వేసింది, వెచ్చగా ఉండి కూడా మాట వినకపోవడం.

చెబితే కత్తి. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలిసిన భయం కంటే తెలియని భయమే మేలనుకుంది. మనలో చాలామంది అలాగే అనుకుంటాం. చైత్ర మళ్ళీ కొలిచే రోజుకు ఎడమచేతి పట్టు సడలకుండా చూసుకుంటే చాలనుకుని, తోటలో ఎక్కువగా ఎడమచేతి మీదే వేలాడుతూ పని చేసింది. మొదటిసారి చేసింది అలవాటు. ఈసారి చెయ్యబోయేది అబద్ధం. ఆ తేడా ఆమెకు తెలుసు.

అంతలో ఒక పొద్దున నొప్పి పోయింది.

మంచం మీద నుంచి లేచి నిలబడితే కరెంటు లాగలేదు. దగ్గింది, లాగలేదు. ఏళ్ళుగా ఒంట్లో కాపురమున్న నొప్పి చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయింది. ఆంజనేయప్ప సంతోషపడి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టొచ్చాడు. మునిరత్నమ్మ, ఇంగ సాకులు చెప్పకుండా మందు బక్కెట మొయ్యి అని ఎగతాళి చేసింది. ఇంట్లో అందరూ నవ్వారు. జయలక్ష్మమ్మ కూడా నవ్వింది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

నిజానికి ఆ రోజే అందరూ ఏడవాల్సింది. పూర్తిగా నలిగిన నరానికి నొప్పి పుట్టించే శక్తి కూడా ఉండదు. ఈ సంగతి నాకూ అప్పుడు తెలియదు.

మూడోనాడో నాలుగోనాడో తోటలో రాతి మీద కూచుంటే బట్టల మూట మీద కూచున్నట్టుందట. స్నానం చేస్తుంటే నడుము కింద వేడినీళ్ళు వేడిగా లేవు. చెయ్యి పెట్టి చూస్తే కాలుతున్నాయి. ఒంటేలుకు పోతే వచ్చిందో రాలేదో చప్పుడు వింటేగాని తెలియడం లేదు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, గుత్తులు సర్ది పెట్టెల్లో పెడుతూ కూచుంటే మునిరత్నమ్మ, మందు ఒలకబోసుకున్నావా, చీరంతా తడిసింది అంది. జయలక్ష్మమ్మ చూసుకుంది. అది మందు కాదు. వాసన చూడకుండానే తెలిసింది. ఔనక్కా, మగ్గు ఒలికింది అని లేచి, బావి దగ్గరికి పోయి చీర తడుపుకుంది. అలా తడుపుకుంటూ ఉంటే పళ్ళు టకటక కొట్టుకున్నాయి, ఎండలో.

మొగుడితో చెప్పలేదు, తోడికోడలితోనూ చెప్పలేదు. ఆ మాట ఏ నోటితో చెప్తుంది? మరునాడు చైత్ర రమ్మన్న రోజు. ఆమె వెళ్ళనంది. ఆంజనేయప్ప, నొప్పి పోయింది కదా, ఆ పిల్లకి సంతోషంగా చెప్పొద్దాం రా అని తీసుకొచ్చాడు. మునిరత్నమ్మ కూడా వచ్చింది, మిఠాయి ఆశతో అని ఆమె తరవాత తనని తానే తిట్టుకుంది.

నేను బెంచీ మీదే ఉన్నాను. లోపల చైత్ర ఈసారి దారం కర్రల్ని కిటికీ దగ్గర్నుంచి గది మధ్యకు జరిపింది. వీడియో తీయాలట, కిటికీ వెలుతురు అడ్డొస్తుందట. జయలక్ష్మమ్మ గడప దగ్గర ఆగిపోయింది. "నేను ఆడే నిలబడతా పాపా" అని కిటికీ చూపించింది. చైత్ర, వద్దమ్మా నేను పట్టుకుంటా అని తన రెండు అరచేతులూ వెల్లకిలా చాపి, వేలికొసలు వీటి మీద పెట్టండి అంది.

చాపిన అరచేతికి కొక్కెం వెయ్యడానికి ఉండదు.

తలుపు సగం తెరిచి ఉంది కాబట్టి నాకు కనబడుతోంది. ఆమె ఎడమకాలి మీద నిలబడింది. ఫోను టిక్కు టిక్కు మంటోంది. దారం కదలడం లేదు. చైత్ర ఇంకా మొదలుపెట్టలేదనుకుంది.

"మొదలుపెట్టండమ్మా."

"పెట్టినా పాపా."

చైత్ర కిందికి చూసింది. మడమ నేలకు అతుక్కుని ఉంది. జయలక్ష్మమ్మ ముఖం మాత్రం బండరాయి మోస్తున్నట్టు ఎర్రబడి ఉంది. అంత బలమూ ఎక్కడికి పోతోందో! ఫోను ఎవరూ ఆపలేదు. చైత్ర వంగి పిక్క మీద చెయ్యి వేసింది. అది పాలు మరిచిన పొదుగులా మెత్తగా వేలాడుతోంది. పోయినసారి అన్నిసార్లు ఎలా లేచారమ్మా అని అడిగింది. జయలక్ష్మమ్మ ఎడమచెయ్యి చూపించింది.

ఆ అమ్మాయి ఫోను ఆపేసింది. ఆంజనేయప్పను బయట ఉండమని తలుపు వేసింది. లోపల ఏవో ప్రశ్నలు మెల్లగా వినబడ్డాయి. తరవాత మునిరత్నమ్మను పిలిచింది. కాసేపటికి మునిరత్నమ్మ ఏడుపు వినబడింది. అంత నోరున్న మనిషి ఏడుపు అంత సన్నగా ఉంటుందని నేననుకోలేదు. లోపల తాను చెప్పిందంతా ఇక్కడ నేను రాయడానికి జయలక్ష్మమ్మే ఒప్పుకుంది. "రాయప్పా, నా మాదిరి సిగ్గుతో యెవురూ దాపెట్టకూడదు" అంది. లేకపోతే ఒక ఆడమనిషి చీర తడిసిన సంగతి నాకెందుకు?

చైత్ర బయటికి వచ్చేసరికే ఫోను చెవి దగ్గర ఉంది. నరాల కట్ట మొత్తం నలుగుతోంది, ఈ రోజే బెంగుళూరు పోవాలి, ఈ రోజే ఆపరేషన్, రేపు అంటే ఆలస్యం, కాలే కాదు, ఒంటేలు అదుపు కూడా ఇంక రాదు అని ఆంజనేయప్పకు చెప్పింది. పోయినసారి తాను చేతులు చూడలేదని, తప్పు తనదని కూడా అంది.

జయలక్ష్మమ్మ వచ్చి నా పక్కన బెంచీ మీద కూచుంది. రెండు చేతుల్తో బెంచీ అంచు పట్టుకుంది. "నేను రాను" అంది. అందరూ బతిమాలారు. మునిశామప్ప చిన్నాయన మాదిరి మంచం మీద ముద్దగా పడుండే దాని కంటే ఇట్లే పోతానంది. ఆమె కళ్ళు ఎటూ చూడ్డం లేదు. బోనులో పడ్డ పిల్లిని నేను ఒకసారి చూశాను. అది అరవదు. ఒక మూలకు ఆనుకుని అలాగే ఉంటుంది. ఈమె అలా ఉంది.

ఆంజనేయప్ప నెమ్మది మనిషి. వాదించడం ఆయనకు రాదు. ఇంక ఏం చెయ్యాలో తోచక ఆ మునిశామప్పకే ఫోను చేసి, స్పీకరు పెట్టి, సంగతంతా చెప్పి, ఆమె ఒళ్ళో పెట్టాడు. మామా, నువ్వే చెప్పు దీనికి అన్నాడు. ఏం చెప్పమన్నాడో ఆయనకే తెలుసో లేదో. ఫోనులో చాలాసేపు ఊపిరి మాత్రం వినబడింది.

"జయా. వింటాండావా?"

"వింటాండా చిన్నాయనా."

"నా కాళ్ళు కత్తి కింద పోల్యామ్మా. దానికి ముందే పోయినాయి."

ఆయన ఆగి ఆగి చెప్పాడు. పంచె తడుస్తూ ఉంటే తానూ దాపెట్టాడట. కొడుకులకు చెప్పడానికి సిగ్గుపడి, శెనగ పీకుడు అయిపోనీ అనుకుంటూ పంట అయ్యేదాకా ఆగాడట. ఆస్పత్రికి పోయేసరికి డాక్టరు, చేస్తాను గానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడట.

"మల్ల ఊరంతా డాక్టర్ని తిడతా ఉంటే నేను గమ్మునుంటి. నా బుద్ధిని తిట్టేదాని కంటే అది సులువు కదా. నువ్వు పో తల్లీ. బిన్నా పో, నా మాదిరి ఆలస్యం చెయ్యొద్దు."

జయలక్ష్మమ్మ ఫోను వంక చూస్తూ ఉంది. ఆయన పెట్టేశాడో లేదో కూడా తెలియలేదు. అప్పుడామె బెంచీ అంచు వదిలింది. ధైర్యం వచ్చి కాదు. అప్పటిదాకా ఒక భయం ఆమెను వెనక్కి పట్టి ఉంచింది, ఇప్పుడు దాని కాళ్ళు విరిగాయి, ఆలస్యమైపోతుందన్న ఇంకొక భయం ముందుకు తోసింది. మనిషి చేసే పనుల్లో చాలా వాటికి నేను చూసిన కారణం ఇదే. మునిరత్నమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఆస్పత్రి వాళ్ళు పిలిపించిన కారు దగ్గరికి నడిచింది. చైత్ర ముందు సీట్లో కూచుంది, ఎవరూ అడక్కుండానే.

దారి పొడుగునా మునిరత్నమ్మ ఆమె తొడ మీద గిల్లి గిల్లి అడిగిందట, తెలుస్తాండాదా, ఈడ తెలుస్తాండాదా అని. కుడివైపు కూడా ల్యాదక్కా అందట జయలక్ష్మమ్మ. బెంగుళూరు బండ్ల వరసలో కారు ఆగినప్పుడల్లా ఆంజనేయప్ప తలుపు తీసి దిగబోయేవాడట, దిగి ఏం చేద్దామనో.

సాయంత్రానికి ఆపరేషన్ అయింది. నొక్కుడు తీసేశాము, ఇక ఏది తిరిగొస్తుందో ఏది రాదో మేం చెప్పలేం, ఆగి చూడాల్సిందే అన్నారు. కత్తికి భయపడిన మనిషికి కత్తి సంగతి గుర్తే లేదు. మెలకువ వచ్చింది మొదలు ఒకటే ఎదురుచూపు. ఒంటేలుకు గొట్టం పెట్టి ఉంది. సంచి నిండుతుంది, నర్సు తీసుకుపోతుంది. తన ఒంట్లోంచి పోతున్నది తనకు తెలియకుండా పక్కన వేలాడుతూ ఉంటే, దాన్ని చూడలేక ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది.

గొట్టం తీసిన రోజు నేను చూడ్డానికి వెళ్ళాను. బెంగుళూరులో నాకు పాత పుస్తకాల అంగళ్ళలో పని ఉంది, అదొక సాకు. నీళ్ళు తాగించారు. ఇక తనంతట తనకు తెలియాలి, లేదంటే మళ్ళీ గొట్టమే, కొందరికి జన్మంతా అని నర్సు కన్నడలో మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది. జయలక్ష్మమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని పైన తిరిగే ఫ్యానును చూస్తోంది. మునిరత్నమ్మ నోరు మూసుకుని కూచుంది. ఆంజనేయప్ప వరండాలో పచార్లు. నేను ఏదో ఊరి సంగతి మొదలుపెట్టబోయాను, పెన్న గురించో దేని గురించో. మునిరత్నమ్మ నా వైపు చూసిన చూపుకు ఆగిపోయాను.

"అక్కా" అంది జయలక్ష్మమ్మ.

మునిరత్నమ్మ లేచింది.

"రొంత... యేమో తెలుస్తాండాది. బిగుతుగా. కింద." ఆ మాట కూడా భయం భయంగానే అంది, గట్టిగా చెబితే పోతుందేమో అన్నట్టు. మునిరత్నమ్మ ఆమెను లేపి, నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. నేను వరండాలోకి వచ్చేశాను. కాసేపటికి లోపల్నుంచి మునిరత్నమ్మ గొంతు వినబడింది, ఎప్పటి గొంతే. "మొగబిడ్డలు పుట్టినప్పుడు కూడా ఇంత సంబరపడల్యా గదే!" ఆంజనేయప్ప గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

ఒంటేలు అదుపు వచ్చింది. పిక్క మాత్రం అంత దయ తలచలేదు. నరం చాలా మెల్లగా చిగురు వేస్తుందట, వేస్తే. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. చప్పరం కిందికి పోదు, నీడలో కూచుని గుత్తులు సర్దుతుంది. సర్దుతూ సర్దుతూ మధ్యలో చెయ్యి కిందికి పోనిచ్చి చీర తడుముకుంటుంది, పొడిగా ఉందా అని. ఎవరైనా చూస్తే సర్దుకున్నట్టు నటిస్తుంది. రాత్రుళ్ళు లేచి రెండు పాదాలూ కదిలించి చూసుకుంటుందని మొగుడు చెప్పాడు. ఆ భయం తగ్గేది కాదేమో. నేను తగ్గుతుందని అబద్ధం చెప్పలేదు.

మొన్న చిక్కబళ్ళాపురం పోతే ఆ బెంచీ మీద మళ్ళీ కలిసింది. ఆపరేషన్ అయింది కాబట్టి చైత్ర పరిశోధనకు ఆమె కొలతలు ఇంక పనికిరావు. అయినా నెలకోసారి వచ్చి కొలిపించుకుంటుంది. చైత్ర రెండు అరచేతులూ చాపుతుంది, ఆమె వేలికొసలు ఆనిస్తుంది. మడమ కింద ఈమధ్య కాస్త సందు కనబడుతోందట, దారం దాకా కాదు, దారానికి చాలా కిందే. ఆ తరవాత బెంచీ మీద కాలు చాపుకుని చీర మోకాలి దాకా జరిపి, పిక్క చుట్టూ టేపు చుడుతుంటే ఊపిరి బిగబట్టుకుని కూచుంటుంది.

పెరిగిందా అని ఆమె ఎప్పుడూ అడగదు.

"తగ్గల్యాదు కదా పాపా?" అంటుంది.

"తగ్గలేదమ్మా."

"సరిగ్గా చూడు. ఇంగొక తూరి చూడు" అని కాలు ముందుకు చాపుతుంది.